పదహారు జీబీల ప్రభ

మిరప టిక్కీలు కోల్డ్ స్టోరేజీ గడప దాటకముందే ల్యాప్‌టాప్ షాపుకి అడ్వాన్సు కట్టిన తండ్రులు పల్నాడులో కొల్లలు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసిందంటే చాలు, మాచర్ల నుంచీ గురజాల నుంచీ పిడుగురాళ్ల సున్నపు బట్టీల పక్క ఊళ్ల నుంచీ తండ్రీకొడుకులు నరసరావుపేటలో బస్సు దిగుతారు. కొడుక్కి సీఎస్ఈలో సీటొచ్చింది. సీఎస్ఈ అంటే ఏమిటో తండ్రికి తెలియదు. దాని పక్కన బ్రాకెట్లో తగిలించిన ఏఐఎంఎల్ అంటే ఏమిటో ఆ బ్రాకెట్ పెట్టిన కాలేజీకీ అంతంతమాత్రమే తెలుసు. ల్యాప్‌టాప్ కావాలన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు.

"అబ్బాయి ఏం చదువుతున్నాడు బాబాయ్?" అంటాడు షాపతను.

"కంప్యూటరేనంట."

"అయితే ఐ7 తీసుకో. ఐ5 రెండేళ్లు కూడా నడవదు."

"నడవాల్సిన పనేముందయ్యా, బల్ల మీద పెట్టుకునేదేగా?"

ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నంత ఇంజనీరింగ్ ఆ షాపులో ఇంకెవరి దగ్గరా ఉండదు. కానీ పెద్దాయన మాట వినేదెవరు? షాపతను అప్పటికే గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వెళ్లిపోయాడు. అదెందుకంటే కోడింగ్ స్పీడుగా వస్తుందంటాడు. కోడింగ్ రావాల్సింది కుర్రాడికా, కార్డుకా అని అడిగితే బిల్లు ఆలస్యమవుతుంది కాబట్టి ఎవరూ అడగరు. చివరికి పదహారు జీబీ ర్యామూ, కీబోర్డు కింద రంగులు మార్చే లైట్లూ, డెబ్బై వేల చిల్లర బిల్లూ తేలతాయి. బ్యాగూ మౌసూ ఫ్రీ. మూడు నెలల యాంటీవైరస్ కూడా ఫ్రీయే, నాలుగో నెల నుంచి అదే వైరస్‌లాగా అడ్డం పడుతుంటుంది.

కోటప్పకొండ తిరునాళ్లకి మన ఊళ్లు ప్రభలు కట్టడం చూసినవాళ్లకి ఈ బేరంలో కొత్తేమీ కనపడదు. పక్క ఊరి ప్రభకన్నా జానెడైనా ఎత్తుండాలి, నాలుగు బల్బులైనా ఎక్కువ వెలగాలి. హాస్టల్లో లాపీలు కూడా అట్లాగే వరుసగా నిలబడతాయి. నీది ఎన్ని జీబీ, నాది ఏ జనరేషన్ అనే మాటలే తప్ప, దాంతో నిన్న రాత్రి ఏం రాశావని ఒకణ్ణొకడు అడగడం ఆ గదుల్లో మర్యాద కాదు. అయినా ప్రభే నయం. తిరునాళ్లయ్యాక విప్పి దాస్తారు, ఈఎంఐ ఉండదు.

సరే, పెట్టె ఇంటికొచ్చింది. తెర తెరవగానే విండోస్ 11 ముందు ఇంటర్నెట్ అడుగుతుంది, తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. సొంత డబ్బు పోసి కొన్న వస్తువులో అడుగుపెట్టడానికి కంపెనీ రిజిస్టర్లో పేరు రాయించుకోవాలి. ఓటీపీ నాన్న ఫోనుకొస్తుంది, నాన్నేమో పొలంలో ఉంటాడు. తక్కువ ధర రకాల్లో కొన్నిటికి ఎస్ మోడ్ అని ఇంకో గొళ్లెం ఉంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్లో దొరికేవి తప్ప బయటి సాఫ్ట్‌వేరేదీ ఎక్కనివ్వదు. దాన్ని తీసేయడం ఉచితమే, కానీ తీస్తే మళ్లీ పెట్టుకోలేవని భయపెడుతుంది. కుర్రాడు వారం రోజులు ఆలోచించి, యూట్యూబ్‌లో హిందీ వీడియో చూసి, దండం పెట్టుకుని తీసేస్తాడు.

అక్కడితో అయిపోలేదు. డెస్క్‌టాప్ మీద దాచుకున్న ప్రోగ్రాం డెస్క్‌టాప్ మీద ఉండదు. అడగకుండానే వన్‌డ్రైవ్ ఫోల్డర్లోకి కాపురం మారుస్తుంది. అందులో ఉచితం 5 జీబీ. బావ పెళ్లి ఫొటోలు అది నింపేస్తే, మొన్న రాసిన ప్రోగ్రాంకి జాగా లేదని నోటీసు వస్తుంది. యూజర్ పేరు మధ్యలో ఖాళీ వదిలి 'వెంకట సాయి' అని పెట్టుకున్నవాడి కష్టం వేరు. ఆ ఖాళీ దగ్గర ఆగిపోయే పాత టూళ్లు బోలెడు. చివరికి కంపైలర్ ఎక్కించి టెర్మినల్లో జీసీసీ అని కొడితే, ఆ పేరుగలవాడెవడో నాకు తెలియదంటుంది. పాత్‌లో కలపాలి. ఆ పాత్ ఎక్కడుందో చెప్పే కీ కీబోర్డు మీద లేదు. కోపైలట్ అనే ఏఐకి మాత్రం ఉంది. 2024 జనవరిలో దాన్ని ప్రకటించి, పాపం ఎవరినీ ఏమీ అడగని ఒక పాత కీని లేపేసి అక్కడ కూర్చోబెట్టారు.

ఇక్కడ మనకో బెంగ కూడా ఉంటుంది. 2014 ఫిబ్రవరి నుంచి మైక్రోసాఫ్ట్ సీఈఓ కుర్చీలో కూర్చున్నది మనోడే కదా, సత్య నాదెళ్ల! హైదరాబాద్‌లో పుట్టాడు, తండ్రి యుగంధర్ గారు ఐఏఎస్, మూలాలు అనంతపురం జిల్లాలో. మనోడు పదవిలో ఉంటే పని జరుగుతుందన్నది మన ప్రాంతపు రాజ్యాంగంలో మొదటి అధికరణం. జరగలేదు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు టీపీఎం 2.0 చిప్ లేని కంప్యూటర్‌నీ, కొన్ని మినహాయింపులు పోను ఇంటెల్ 8వ తరం కంటే ముందు ప్రాసెసర్లనీ గడప దగ్గరే ఆపేశారు. ఎమ్మెల్యే గారి సిఫార్సు ఉత్తరం చదవగల చిప్ ఇంకా తయారు కాలేదు.

ఆ తర్వాత 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆపేశారు. ఆ మర్నాడు ఊళ్లో వినపడిందేమంటే పాత లాపీలన్నీ చచ్చిపోయాయని. చావలేదు. ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లు. అవీ నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా ఇంకో ఏడాది వస్తాయి. ఈ ముక్క ఏ షాపు ఫ్లెక్సీ మీదా రాయరు. అక్క చదివేటప్పుడు కొన్న లాపీ అటక మీద ఉంది. దానిమీద లినక్స్ ఎక్కిస్తే మొదటి సంవత్సరం ప్రోగ్రాములన్నీ నిక్షేపంలా నడుస్తాయి, ఖర్చు ఒక పెన్‌డ్రైవ్. కానీ అక్క లాపీ పట్టుకుని కాలేజీకి వెళ్లేవాడికి హాస్టల్లో మంచం ఇస్తారేమోగానీ మర్యాద ఇవ్వరు.

చుట్టాల సలహాల సంగతి ముగించేద్దాం. డల్లాస్ బాబాయి మ్యాక్ తప్ప వేరేది ముట్టుకోవద్దంటాడు. ఆపిల్ సొంత చిప్ 2020లో వచ్చాక దాని బ్యాటరీ రోజంతా నిలుస్తుంది, ఒప్పుకుందాం, మన కరెంటు కోతలకి అంతకన్నా కావలసిందేముంది. ర్యామ్ మాత్రం బోర్డుకే అతికించి ఉంటుంది, కొన్ననాడు ఎంతో కడదాకా అంతే. పైగా 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక తీరున టైపు చేసి పంపితే ఐఫోన్లూ మ్యాక్‌లూ కుప్పకూలేవి. ఆపిల్ వాళ్లు ఉరుకులు పరుగుల మీద అప్‌డేట్ వదలాల్సి వచ్చింది. తెలుగువాడు ప్రపంచ టెక్నాలజీని ఒక్క వేలితో పడగొట్టిన ఘట్టం అదొక్కటే. దానికి ఒక శిలాఫలకమైనా వేయించలేదు మనం.

ఇక సీనియర్ అన్న. ఆయన లినక్స్ మనిషి. ఆయనకి ఉబుంటు పాతబడింది, మింట్ మొహం మొత్తింది, ఇప్పుడు ఆర్చ్ మీద ఉన్నాడు. ప్రతి శనివారం లాపీని తుడిచి కొత్తది ఎక్కిస్తాడు, ఆదివారం వైఫై రాదు, సోమవారం పరీక్షకి పుస్తకం ఉండదు. విండోస్ వాడు ప్రోగ్రాం రాయడు. ఈయనా రాయడు. కాకపోతే రాయకపోవడానికి కారణాన్ని నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలతో టైపు చేస్తాడు. జూనియర్లు చుట్టూ చేరి హ్యాకింగ్ అనుకుంటారు.

నవ్వుకున్నాం గానీ, ప్రోగ్రాం రాసేవాడికి ఓఎస్ మారడంలో నిజమైన సంగతులు లేకపోలేదు. విండోస్‌లో ఫైలు పేరు చిన్నబడిలో రాసినా పెద్దబడిలో రాసినా ఒకటే. లినక్స్‌లో అవి రెండు వేర్వేరు ఫైళ్లు. అందుకే సొంత లాపీలో బంగారంలా నడిచిన ప్రాజెక్టు సర్వర్ ఎక్కగానే ఫైలు కనపడలేదంటుంది. విండోస్ ప్రతి లైను చివరా రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒక్కటే పెడుతుంది. టెలిటైప్ మిషన్ల కాలం నాటి ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. విండోస్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో మొదటి లైనుకే చచ్చిపోతే, కంటికి కనపడని ఆ రెండో గుర్తే హంతకుడు. ఇది తెలుసుకోవడానికి కుర్రాడికి ఒక రాత్రి పడుతుంది, ఆ రాత్రితో వాడు నిజంగా రెండు ఓఎస్‌ల మనిషవుతాడు. 2001లో లినక్స్‌ని క్యాన్సర్ అన్న స్టీవ్ బామర్ నడిపిన మైక్రోసాఫ్టే, 2014లో నాదెళ్ల వచ్చాక లినక్స్ అంటే మాకు ప్రేమ అని బోర్డు కట్టి, 2016 నుంచి విండోస్ లోపలే లినక్స్ నడుపుకునే ఏర్పాటు పెట్టింది. టెర్మినల్లో ఒక్క కమాండు కొడితే వస్తుంది. శత్రువులు కలిసిపోయారు. ఇంక మన కాలేజీ ల్యాబ్ ఒక్కటే కలవాల్సి ఉంది.

ఆ ల్యాబ్‌లోకే వెళ్దాం పదండి.

డెబ్బై వేల లాపీ, ఐ7, పదహారు జీబీ, ఖాతా, ఓటీపీ, ఎస్ మోడ్ గొళ్లెం, అన్నీ దాటుకుని మన కుర్రాడు క్లాసుకొస్తాడు. సార్ అడిగే మొదటి సాఫ్ట్‌వేర్ ఏమిటి? టర్బో సీ. నీలం తెర, పసుపు అక్షరాలు, మౌస్ బాణం బదులు ఒక దీర్ఘచతురస్రపు ముక్క. ఆల్ట్ ఎఫ్9 కొడితే కంపైల్, కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఆల్ట్ ఎఫ్5 కొడితే ఫలితం. పల్నాడులోనే కాదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగ్ విద్యకి ఈ మూడే ఉపనయన మంత్రాలు.

బోర్లాండ్ కంపెనీ టర్బో సీని తెచ్చింది 1987లో. మన ల్యాబుల ఇలవేల్పు టర్బో సీ ప్లస్‌ప్లస్ 3.0 వచ్చింది 1991 నవంబర్‌లో. అదే ఏడాది ఆగస్టు 25న హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, సరదాకి ఒక ఓఎస్ రాస్తున్నానని పదిమందికీ చెప్పాడు. అదే లినక్స్. టర్బో సీ ప్లస్‌ప్లస్, లినక్స్ ఇద్దరూ ఒకే ఈడువాళ్లు. రెండోవాడు పెరిగి 2017 నవంబర్ నుంచి ప్రపంచంలో అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్లన్నిటి లోపలా కూర్చున్నాడు. మిరప చేలో పురుగుమందు కొట్టే మనిషి జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్లోనూ వాడే ఉన్నాడు. మొదటివాడు మన ల్యాబుల్లో 1991 దగ్గరే ఆగిపోయాడు. కన్న కంపెనీని కూడా 2009లో ఇంకొకరు కొనేశారు. అయినా మనం వదల్లేదు. కన్నవాళ్లు వదిలేసిన బిడ్డని సాకే గుణం మన రక్తంలోనే ఉంది.

అయితే ఒక చిక్కు. విండోస్ 11 మొత్తం 64 బిట్. 16 బిట్ కాలం నాటి ఈ పెద్దమనిషిని అది గుర్తుపట్టదు. అందుకని డాస్‌బాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. దాన్ని తయారుచేసింది పాత డాస్ ఆటలు ఆడుకోవడానికి. అంటే డెబ్బై వేల కొత్త యంత్రం ముప్పై ఏళ్లనాటి పాత యంత్రంలా వేషం కడితే, ఆ వేషం లోపల మన కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరవుతాడు. అక్కడ రాసిన ప్రోగ్రాంకి దక్కేది డాస్ నాటి 640 కేబీ మెమరీ లోపే. నాన్న కొనిచ్చిన పదహారు జీబీల్లో అది దాదాపు 26 వేల వంతుల్లో ఒక వంతు. మిగతా అంతా లైట్లు వెలగడానికే.

సిలబస్‌ని తిట్టేద్దామంటే అదీ కుదరదు. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్-23 సిలబస్, 2023లో చేరిన పిల్లలతో మొదలైంది, తీసి చూడండి. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ల్యాబ్, మొదటి వారం: లినక్స్ వాతావరణం, వీఐ, విమ్, ఈమాక్స్ ఎడిటర్లతో పరిచయం. దాని కిందే టర్బో సీ, జీసీసీలతో పరిచయం. ఒకే ఈడువాళ్లిద్దరినీ ఒకే గదిలో పక్కపక్కన కూర్చోబెట్టిన ఆ కమిటీ చేతులకి మొక్కాలి. కాలేజీ ఏం చేస్తుంది? విమ్ తెరిస్తే మూయడం ఎట్లాగో సార్‌కి గుర్తురాదు కాబట్టి ఆ లైనుకి ఒక టిక్కు పెట్టి నీలం తెరకి వచ్చేస్తుంది.

మారకపోవడం తప్పని అనను. మన ఊళ్ల డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 మీదే శుభలేఖలు కొడుతుంటాయి. అది 2001 నాటిది, ఆ తర్వాత అడోబీ దాన్ని పెంచలేదు. అందులోని తెలుగు అను ఫాంట్లది, యూనికోడ్ కాదు. ఆ ఫైలు ఇంకోచోట తెరిస్తే వధూవరుల పేర్ల బదులు ఇంగ్లీషు గుర్తుల కుప్ప కనపడుతుంది. ఇరవై ఏళ్ల శుభలేఖలూ కరపత్రాలూ వర్ధంతి పోస్టర్లూ ఆ సంకెలలో ఉన్నాయి. ముహూర్తాల సీజన్లో ఓఎస్ మార్చుకుని గిరాకీ పోగొట్టుకోవడానికి ఆ సెంటరాయనేం పిచ్చివాడా? ఎందుకు మారలేదయ్యా అంటే లెక్కతో సహా చెబుతాడు. అదే ప్రశ్న ల్యాబ్‌లో అడిగి చూడండి. మా సార్ ఇదే చెప్పారు, మాన్యువల్ ఇదే అచ్చేశాం, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఇదే అడుగుతాడు. ఎగ్జామినర్‌ని అడిగితే, కాలేజీల్లో ఇదే చెబుతున్నారు కదా అంటాడు.

పెట్టె మార్చి పాఠం వదిలేయడం ప్రభుత్వాలకి కూడా ఇష్టమైన కార్యక్రమమే. 2021లో అమ్మఒడి డబ్బు బదులు ల్యాప్‌టాప్ అన్నారు. 2022 డిసెంబర్ వచ్చేసరికి అది ఎనిమిదో తరగతి పిల్లల చేతిలో ట్యాబ్ అయింది, లోపల బైజూస్ పాఠాలు. 2024లో ఆ బైజూసే దివాలా ట్రిబ్యునల్ మెట్లెక్కింది. అవతల కేరళ బడుల్లో దాదాపు రెండు దశాబ్దాలుగా పిల్లలు లినక్స్ మీద చదువుకుంటున్నారు. మనకీ హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ కుర్రాళ్లు మెనూలతో సహా తెలుగు లినక్స్ తయారుచేసి పెట్టారు. ఫ్రీగా ఇచ్చారు. అదే వాళ్లు చేసిన పొరపాటు. అమ్మడానికి షాపూ, పంచడానికి సభా, ఫొటోకి ఎమ్మెల్యే గారూ లేని వస్తువు మన జిల్లా పొలిమేర దాటి రాదు.

మూడో ఏడు దాటాక ప్లేస్‌మెంట్ పరీక్ష వస్తుంది. అక్కడి కంపైలర్ జీసీసీ. మనవాడు టర్బో సీ అలవాటుకొద్దీ మొదటి లైనులో కోనియో అని రాస్తాడు, అది లేదంటుంది. తెర తుడవమంటాడు, ఆ పేరుతో నాకేమీ తెలియదంటుంది. వైవాలో ఇంటీజర్‌కి ఎన్ని బైట్లని అడిగితే రెండని చెప్పి పదికి పది మార్కులు తెచ్చుకున్నవాడు, ఇక్కడ నాలుగని తెలిసి, ఎవరు అబద్ధమాడారో తేలక దిగాలుగా కూర్చుంటాడు. ఎవరూ ఆడలేదు. నీలం తెరలో ఇంటీజర్ 32,767 దాకానే లెక్కపెట్టగలదు. ఆ పైన ఒకటి కలిపితే మైనస్‌లోకి దూకుతుంది.

ఆ దూకుడు మన జిల్లాకి ఎంత బాగా సరిపోతుందో చూడండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు ఖాయం చేసింది. మన కుర్రాడు సెలవలకి ఊరొచ్చాడనుకుందాం. అరుగు మీద లాపీ తెరిచి, డాస్‌బాక్స్ తెరిచి, నీలం తెర మీద నాన్న మిర్చి లెక్కకి ప్రోగ్రాం రాశాడు. రెండు క్వింటాళ్లకి 23,562 వచ్చింది. నాన్న తలూపాడు. మూడు క్వింటాళ్లకి 35,343 రావాలి. కంట్రోల్ ఎఫ్9, ఆల్ట్ ఎఫ్5. తెర మీద మైనస్ 30,193.

కుర్రాడు కంగారుపడి మళ్లీ రన్ చేశాడు. మళ్లీ అదే.

"ఏందిరా అది?"

"మూడు క్వింటాళ్లు అమ్మితే నీకొచ్చేది నాన్నా. తప్పొచ్చింది."

నాన్న కళ్లజోడు సవరించుకుని దగ్గరికొచ్చి చూశాడు.

"తప్పేం లేదురా. కౌలూ కోత కూలీ పురుగుమందులూ పోను చూపిస్తన్నట్టుంది. బానే చెప్పింది. దీనికి డెబ్బై వేలెందుకురా, మీ అమ్మనడిగినా చెప్పేది."